వేసవి సెలవులకు హైదరాబాద్ వస్తున్నాము: రోహిణి కార్తె నుంచి బోనాల దాకా పిల్లలకు ఏమేమి చూపించాలి?

ప్రశ్న (డాలస్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి. పెళ్లయినప్పటి నుంచి డాలస్‌లో ఉంటున్నాము. మా అత్తమామలు నాలుగేళ్ల క్రితం గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. ఇక్కడి బడులకు మే నెలాఖరుకు సెలవులు ఇచ్చేస్తారు కాబట్టి వెంటనే బయలుదేరి వచ్చి, జూలై మధ్య దాకా ఉండాలని అనుకుంటున్నాము. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఏడేళ్లు. పోయినసారి ఎండకు భయపడి రోజులన్నీ మాల్స్‌లోనే గడిపేశాము. తిరిగి వెళ్లాక బడిలో సెలవుల కబుర్లు చెప్పమంటే, హైదరాబాద్ గురించి మా వాడికి చెప్పడానికి ఒక్క మాటా దొరకలేదు. ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు.

ఎండ దెబ్బ తగలకుండా ఊరు ఎలా చూపించాలి? బోనాల గురించి వినడమే గాని నేనెప్పుడూ చూడలేదు, పిల్లలతో ఎక్కడికి వెళ్తే మంచిది? మరొకటి, పాపకు కొద్దిగా ఆయాసం ఉంది. మృగశిర నాడు నాంపల్లిలో ఇచ్చే చేప ప్రసాదం వేయించమని పక్కింటివారు మా అత్తగారికి చెప్పారట. ఆవిడ ఆ మాట మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (సికింద్రాబాద్ వాసి)

అమ్మా, మీరు వచ్చేసరికి రోహిణి కార్తె నడుస్తూ ఉంటుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మొదటి వారం రోజులు ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత మాత్రమే బయటికి రండి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. సాధారణంగా ఆ తర్వాత నాలుగు చినుకులు పడి ఊరు కాస్త చల్లబడుతుంది కాబట్టి గోల్కొండ ఎక్కడం వంటివి అప్పటికి వాయిదా వేసుకోండి. జూన్ 2న రాష్ట్ర అవతరణ దినోత్సవం, ఆ రాత్రి దీపాలంకరణ చూడటానికి ట్యాంక్‌బండ్ వైపు ఒక చుట్టు తిరిగితే చాలు.

ఇక బోనాలు. టికెట్టు తీసుకునే ముందు పంచాంగం చూడటం మరచిపోకండి. బోనాలు ఆషాఢ మాసంలో జరుగుతాయి. ఆషాఢానికి ముందు అధిక మాసం వచ్చిన ఏడాది ఆషాఢం దాదాపు జూలై మధ్యలో గాని మొదలు కాదు. మీరు అనుకున్న తేదీకే తిరిగి వెళ్లిపోతే, అటువంటి ఏడాదిలో పండుగను గుమ్మం దాకా వచ్చి చూడకుండా వెళ్లినట్టవుతుంది.

తొలి బోనం గోల్కొండ కోటలో కొండమీది జగదాంబిక అమ్మవారికి ఎత్తుతారు. అక్కడి నుంచి నెల పొడుగునా ప్రతి గురువారం, ఆదివారం కోటలో పూజలు ఉంటాయి. తరువాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాతి ఆదివారం లాల్‌దర్వాజ సింహవాహిని. మా ఉజ్జయిని గుడి కథ పిల్లలకు తప్పక చెప్పండి. 1813లో ఇక్కడ కలరా ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అనే ఆయన ఉజ్జయినిలో ఉండి, మహమ్మారి తగ్గితే అమ్మవారిని మా ఊళ్లో నిలుపుతానని మొక్కుకున్నారనీ, 1815లో తిరిగి వచ్చి ఆ మొక్కు తీర్చుకున్నారనీ ఇక్కడివారు చెప్పుకుంటారు. కరోనా చూసిన పిల్లలకు ఆ మొక్కులోని భయం, ఆశ రెండూ ఇట్టే అర్థమవుతాయి.

అయితే ఏడేళ్ల పాపతో మా సికింద్రాబాద్ జాతరకు ఆదివారం రావద్దని చెప్పవలసి వస్తున్నందుకు బాధగానే ఉంది. తెల్లవారుజాము నుంచే వరుసలు నిండిపోతాయి. మరునాడు పచ్చికుండ మీద నిలబడి జోగిని చెప్పే రంగం, అంటే భవిష్యవాణి, టీవీలోనే చక్కగా వినిపిస్తుంది. పిల్లలతో అయితే తొలిరోజు తప్పించి, మరేదైనా గురువారం ఉదయాన్నే గోల్కొండకు వెళ్లండి. పసుపు పూసి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించిన కొత్తకుండను తల మీద పెట్టుకుని ఆడవాళ్లు ఆ మెట్లన్నీ ఎక్కుతుంటే, ముందు పోతరాజు కొరడా ఝళిపిస్తూ నడుస్తుంటే, మీ పిల్లలు ఎండ సంగతే మరచిపోతారు. కొన్ని గుళ్ల దగ్గర కోళ్లనూ మేకలనూ బలి ఇస్తారు, ఆ మాట వాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

జవాబు 2 (పిల్లల వైద్యురాలు, హైదరాబాద్)

చేప ప్రసాదం గురించి మాత్రమే రాస్తున్నాను. బత్తిని కుటుంబం వారు తరతరాలుగా ఉచితంగా ఇస్తున్న ఈ ప్రసాదం మీద లక్షలమందికి నమ్మకం ఉంది, మీ అత్తగారి ఆశ వెనుక ఉన్నది మనవరాలి మీద ప్రేమే. ఆ ప్రేమను చిన్నబుచ్చకండి. కాని బతికి ఉన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి, ఆ చేపను అలాగే మింగిస్తారు. ఏడేళ్ల పిల్ల బెదిరి ఏడిస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఎగ్జిబిషన్ మైదానంలో గంటల తరబడి నిలబడాలి, ఆ రద్దీ, దుమ్ము ఆయాసం ఉన్న పిల్లలకు మంచివి కావు. ఈ ప్రసాదంతో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. శాకాహారులకు బెల్లంతో కూడా ఇస్తారు కాబట్టి చేప మింగడమనే భయం తప్పుతుంది గాని, దాని వల్ల ఆయాసం తగ్గుతుందని నేను చెప్పలేను.

మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. డాలస్ డాక్టరు రాసిన మందులు రెండు నెలలకు సరిపడా తెచ్చుకోండి. మృగశిర నాడు తెలంగాణ ఇళ్లలో చేపల కూర వండుకోవడం ఆనవాయితీ. మీకు చేపలు తినే అలవాటు ఉంటే, పాపకు పడనిది కాకపోతే, ఆ రోజు అత్తగారితోనే పులుసు పెట్టించి పాపకు ముళ్లు తీసి తినిపించమనండి. ఆవిడ ఆశకు అదొక గౌరవం అవుతుందని నాకు అనిపిస్తుంది.

జవాబు 3 (మలక్‌పేట నుంచి)

మధ్యాహ్నాలకు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం దగ్గర పదిహేను నిమిషాల ముందే చోటు చూసుకోండి. బిర్లా నక్షత్రశాలలో తెలుగు ప్రదర్శన వేళ కనుక్కుని వెళ్లండి. సాయంత్రం లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధ విగ్రహం దగ్గరికి వెళ్లేటప్పుడు, రాయగిరి రాతిలో చెక్కిన ఆ విగ్రహం 1990లో తరలిస్తుండగా హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయిందనీ, 1992లో పైకి తీసి నిలబెట్టారనీ బాబుకు చెప్పండి. బడిలో చెప్పుకోవడానికి అంతకన్నా మంచి కథ దొరకదు.

అన్నిటికన్నా ముందు మామిడిపండు. మీరు దిగేటప్పటికి బంగినపల్లి చివరి దశలో ఉంటుంది, హిమాయత్ మాత్రం మంచి రుచి మీద ఉంటుంది. ఇంటికి తెచ్చి కొంతసేపు నీళ్లలో వేసి ఉంచి తినండి. మీ అత్తగారు ఇంకా ఆవకాయ పెట్టకపోతే వానలు పడకముందే పిల్లలను మార్కెట్‌కు తీసుకువెళ్లి, కత్తిపీట మీద టెంకతో సహా కాయ కొట్టించడం చూపించండి. వాన పడితే కాయలో నీరు చేరి పచ్చడి నిలవ ఉండదు. 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్‌లో ఒక సాయంత్రం పండ్ల ఐస్‌క్రీమ్ తినిపించండి. దారిలో తాటిముంజలు కనబడితే ఆగండి, మళ్లీ ఏడాది దాకా దొరకవు.

లాల్‌దర్వాజ బోనాల మరునాడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటాన్ని, అంటే అమ్మవారి రూపంగా అలంకరించిన కలశాన్ని, ఏనుగు మీద చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా ఊరేగిస్తారు. పిల్లలకు చూపించవలసింది నా దృష్టిలో అదే.

ప్రశ్న వేసినవారి నుంచి

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. పంచాంగం చూసి, తిరుగు ప్రయాణాన్ని లాల్‌దర్వాజ బోనాలు దాటిన తర్వాతి బుధవారానికి మార్చుకున్నాము. డాక్టరు గారి మాటలు మా అత్తగారికి చదివి వినిపించాను. కొంచెంసేపు మౌనంగా ఉండి, పులుసు తానే పెడతానన్నారు. ఒక్క సందేహం మిగిలింది. బోనం ఎత్తుకునే ఆనవాయితీ మా ఇంట్లో లేదు. మా పాప తానూ ఎత్తుకుంటానంటోంది, తప్పా?

జవాబు 1 (సికింద్రాబాద్ వాసి)

తప్పేమీ లేదమ్మా. మీ వీధిలో పోచమ్మ గుడి ఎక్కడుందో పక్కింటివారిని అడగండి, వాళ్ల ఇంటి బోనంతో పాటు మీదీ కదులుతుంది. చిన్న కొత్తకుండ తీసుకుని, పాలు, బెల్లం వేసి వండిన అన్నం పెట్టండి. వెలిగించిన దీపం పాప తల మీద వద్దు, అది మీ అత్తగారి చేతిలో ఉండనివ్వండి.