‘ట్రాన్స్‌ఫర్ అయింది’ అంటే జమ అయినట్టేనా?

ప్రశ్న, అమెరికాలోని ఫ్రీమాంట్ (కాలిఫోర్నియా) నుంచి:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి ఇప్పుడు యూనివర్సిటీకి మారుతున్నాడు. మొత్తం 64 యూనిట్లు (మన క్రెడిట్ల లాంటివి) చేశాడు. అన్నీ ట్రాన్స్‌ఫర్ అయ్యాయని తెలిసి ఇంట్లో అందరం సంతోషించాం. తీరా చూస్తే డిపార్ట్‌మెంట్ వాళ్లు కాలిక్యులస్ మొదటి నుంచి చదవాలంటున్నారు. మొదట బిజినెస్ చదువుదామనుకుని వాడు నాలుగు యూనిట్ల బిజినెస్ కాలిక్యులస్ తీసుకున్నాడు, తర్వాత మనసు ఇంజినీరింగ్ మీదికి మళ్లింది. “యూనిట్లు వచ్చాయమ్మా, కానీ మేజర్‌కి కౌంట్ అవ్వవు” అంటాడు. మేజర్ అంటే డిగ్రీలో వాడి ప్రధాన సబ్జెక్టు. వచ్చినవి లెక్కకు రాకపోవడం ఏమిటో నాకు బోధపడలేదు.

ఊళ్లో నాన్నగారికి ఫోన్ చేసి, మీ మనవడు జూనియర్‌గా చేరుతున్నాడని చెప్పాను. “రెండేళ్లు చదివాక మళ్లీ జూనియర్ ఏమిటే, ఫెయిలయ్యాడా?” అని ఆయనకు ఒకటే టెన్షన్. ఈ మాటల్ని తెలుగులో ఎలా చెప్పాలో ఎవరైనా సాయం చేయండి.

జవాబు, శాక్రమెంటో నుంచి:

అమ్మా, నేను ఒక కమ్యూనిటీ కాలేజీ కౌన్సెలింగ్ ఆఫీసులో పనిచేస్తాను. మీరు అడిగింది నా ముందు కూర్చున్న పిల్లలు దాదాపు రోజూ అడిగేదే.

ముందు నాన్నగారి సంగతి. మన వాడుకలో జూనియర్ అంటే కొత్తగా చేరినవాడు. జూనియర్ కాలేజీ అంటే ఇంటర్మీడియట్. అమెరికాలో జూనియర్ అంటే నాలుగేళ్ల డిగ్రీలో మూడో ఏడాదివాడు. పైగా కమ్యూనిటీ కాలేజీలను ఇక్కడ కూడా ఒకప్పుడు జూనియర్ కాలేజీలనేవారు, శాంటా రోసా కాలేజీ పేరులో ఆ మాట ఇంకా ఉంది. ఒకే మాటకు ఇన్ని అర్థాలుంటే పెద్దాయన కంగారుపడరూ? ‘నేరుగా మూడో సంవత్సరంలో చేరుతున్నాడు’ అని చెప్పండి. కాలిఫోర్నియాలో 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తయితే ఆ హోదా వస్తుంది.

ఇక అసలు చిక్కు ‘ట్రాన్స్‌ఫర్’ అన్న మాటలో ఉంది. మనకు బదిలీ అనగానే ఉద్యోగి బదిలీ గుర్తొస్తుంది. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లినా సర్వీసు, జీతం, హోదా మనిషి వెంటే వస్తాయి. అందుకే యూనిట్లు ట్రాన్స్‌ఫర్ అయ్యాయనగానే అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చేశాయనుకుంటాం. ఇక్కడ జరిగేవి రెండు వేరు వేరు పనులు. మీ అబ్బాయి చదివింది తాము ఒప్పుకునే చదువేనని యూనివర్సిటీ చెప్పడం మొదటిది. దాన్ని డిగ్రీలో దేని కింద రాసుకోవాలో తేల్చడం రెండోది. బదిలీ అనే మాట మొదటిదానికి చాలు. రెండోదానికి మన దగ్గర చక్కటి మాట ఉంది, ‘జమ’.

ప్రాంసరీ నోటు గుర్తుందా? అప్పు తీసుకున్నాయన కొంత డబ్బు తెచ్చిస్తే నోటు వెనక చెల్లు రాస్తారు. డబ్బు ముట్టినమాట నిజం. కానీ దాన్ని అసలు కింద జమ కట్టారా, వడ్డీ కింద జమ కట్టారా? వడ్డీ కింద కడితే ఇచ్చింది ఎక్కడికీ పోలేదు గానీ అసలు అలాగే ఉంటుంది. మీ అబ్బాయి బిజినెస్ కాలిక్యులస్‌కి జరిగింది ఇదే. బ్యాచిలర్ డిగ్రీకి కనీసం 120 యూనిట్లు కావాలి, ఆ మొత్తంలోకి అది ఎలెక్టివ్‌గా, అంటే ఇష్టం కొద్దీ ఎంచుకున్న కోర్సుగా చేరుతుంది. మేజర్‌కు కావలసిన కాలిక్యులస్ బాకీ మాత్రం తీరదు. ‘బదిలీ అయింది, మేజర్ కింద జమ కాలేదు’ అంటే సరిపోతుంది.

జమ అరబ్బీ నుంచి వచ్చిన మాట, పోగుచేయడం అని అర్థం. జమాబందీ, జమాఖర్చు అంటూ రెవెన్యూ లెక్కల్లో తిరిగి తిరిగి మన నోళ్లలో పాతుకుపోయింది. బ్యాంకు మెసేజీలో క్రెడిట్ అని వచ్చినా చదివి ‘డబ్బు జమ అయింది’ అనే కదా అంటాం. చదువుల క్రెడిట్‌కి కొత్త మాట కట్టుకోవలసిన పనేముంది?

‘ఆర్టిక్యులేషన్’ అనే మాట కూడా మీకు తగులుతుంది. ఈ కాలేజీలోని ఈ కోర్సు ఆ యూనివర్సిటీలోని ఆ కోర్సుకు సాటి అని ముందే కుదుర్చుకున్న ఒప్పందం అది. నేనైతే ‘సాటి కోర్సు’ అంటాను. ఇక్కడి ప్రభుత్వ కాలేజీలు, యూనివర్సిటీల మధ్య ఏది దేనికి సాటో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది. కోర్సు తీసుకోకముందే చూడాలి. కౌన్సెలర్‌ని “ఇది ట్రాన్స్‌ఫర్ అవుతుందా?” అని అడిగితే అవుననే అంటారు, అది అబద్ధమూ కాదు. “నా మేజర్‌లో ఇది దేని కింద జమ అవుతుంది?” అని అడగమనండి. ఈ ఒక్క ప్రశ్న అడగక సెమిస్టర్లు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను, ఆ ముఖాలు చూస్తే నాకు నిద్రపట్టదు.

మరో జవాబు, వరంగల్ నుంచి:

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు, లేటరల్ ఎంట్రీ అంటాం. అక్కడ ఒక్కో సబ్జెక్టునూ తూచరు. మొదటి ఏడాది మొత్తం మినహాయింపే, దాని క్రెడిట్లు వాళ్ల లెక్కలోకే రావు. కాబట్టి దాన్ని జమ అనలేం, ‘మాఫీ’ అనాలేమో. అదే డిటెయిన్ అయిన (పై ఏడాదికి వెళ్లనివ్వక ఆపేసిన) పిల్లాడు తిరిగి చేరేసరికి రెగ్యులేషన్, అంటే సిలబస్ నిబంధనలు మారిపోతే, పాత సబ్జెక్టుల్లో ఏది చెల్లుతుంది, ఏది కొత్తగా రాయాలి అని ఒక్కొక్కటీ తేల్చాల్సిందే. అక్కడ మీ ‘జమ’ సరిగ్గా అతుకుతుంది. యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ కూడా పేరుకు తగ్గట్టు ఖాతా పద్ధతే. ఖాతాలో క్రెడిట్లు ఉండటం వేరు, చేరిన చోట వాటిని డిగ్రీకి జమకట్టుకోవడం వేరు అని పిల్లలకు ఈ రెండు మాటలతోనే చెప్పొచ్చు.

మళ్లీ ఫ్రీమాంట్ నుంచి:

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. నాన్నగారికి నోటు వెనక చెల్లుతో పోల్చి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఆ నాలుగు యూనిట్లు వడ్డీ కిందికి పోయాయన్నమాట. మిగతా 60 ఏవి దేని కింద రాశారో కాగితం తెప్పించి చూసుకోమను” అన్నారు. రేపు సాయంత్రం వాడూ నేనూ ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాం.