రోజూ పప్పు తింటున్నా ప్రొటీన్ చాలట్లేదంటున్నారు, ఎక్కడ తగ్గుతోంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా వయసు 36, బరువు 62 కిలోలు. ఏడాదిన్నర క్రితం మాంసం మానేశాను. పాలు, పెరుగు తీసుకుంటాను. గుడ్లు వారానికి రెండుసార్లు, చేప ఎప్పుడో నెలకోసారి. ఈమధ్య మధ్యాహ్నమయ్యేసరికి నీరసం వస్తోంది. జుట్టు బాగా రాలుతోంది. తిన్న గంటన్నరకే మళ్లీ ఆకలి. డాక్టరు గారు "ప్రొటీన్ తగ్గుతోందేమో చూసుకోండి" అన్నారు, అంతకుమించి మాట్లాడే వీలు కుదరలేదు.

నాకు అర్థం కానిది ఏంటంటే, మా ఇంట్లో పప్పు వండని రోజంటూ లేదు. కూరగాయలు బాగా తింటాను. రోజూ పది బాదం గింజలు కూడా తింటాను. ఇంకా ఎక్కడ తగ్గుతోంది? పౌడరు కొనకుండా సరిచేసుకునే దారి ఉంటే చెప్పండి.

మొదటి జవాబు

అక్కా, మొలకలు మొదలుపెట్టండి. మొలకెత్తితే ప్రొటీన్ రెట్టింపు అవుతుందంటారు. పుట్టగొడుగులు, పాలకూర కూడా బాగా తినండి.

రెండో జవాబు

అమ్మా, నేను మాంసం మానేసి పదకొండేళ్లయింది. మొదటి రెండేళ్లు నాదీ ఇదే పరిస్థితి, అందుకే కాస్త ఓపిగ్గా రాస్తున్నాను.

ముందు మీరు ఒక పని చేయండి. రేపు పప్పు కుక్కర్‌లో పోసే ముందు తూచండి. వండిన తర్వాత కాదు, వండకముందు. అది ఎంతమందికి వడ్డిస్తారో కూడా చెప్పండి. అలాగే బియ్యం, పిండి, ఓట్స్, ఏవి తింటే అవి పచ్చిగా ఉన్నప్పుడే తూచి ఒక రోజు మొత్తం రాసి పెట్టండి. పెరుగు గ్రాముల్లో, పాలు మిల్లీలీటర్లలో. అది చూడకుండా ఏం తినాలో చెప్పినా ఉపయోగం ఉండదు.

మొలకల గురించి పైన రాసిన తమ్ముడికి ఒక మాట. మొలకెత్తితే గింజ నీళ్లు పీల్చుకుంటుంది. కొత్త ప్రొటీన్ ఎక్కడి నుంచీ రాదు. 100 గ్రాముల ఎండు పెసల్లో సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పొడుగ్గా పెరిగిన పెసర మొలకలైతే 100 గ్రాములకు 3 గ్రాములే. మిగతాది చాలావరకు నీళ్లు. మొలకలు తేలిగ్గా అరుగుతాయి, సి విటమిన్ పెరుగుతుంది, అందుకోసం తినండి. పుట్టగొడుగుల్లోనూ, పాలకూరలోనూ 100 గ్రాములకు దాదాపు 3 గ్రాములే. పాలకూరతో 20 గ్రాముల ప్రొటీన్ రావాలంటే రోజుకు ముప్పావు కిలో దాకా తినాలి. మంచి ఆకుకూరే, కానీ ఈ పనికి కాదు.

అడిగినావిడ

తూచానండీ. చూసి నాకే ఆశ్చర్యం వేసింది. మేం నలుగురం, పప్పు పోసింది 60 గ్రాములు. మా ఇంట్లో పలుచగా చేస్తే కానీ తినరు. నా ఒక్కదాని లెక్క ఇది.

ఉదయం ఓట్స్ 40 గ్రాములు, అందులో పాలు 100 మిల్లీలీటర్లు. పదకొండింటికి బాదం పది. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యంతో అన్నం, పప్పు, ఒక కూర, 100 గ్రాముల పెరుగు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి 60 గ్రాముల గోధుమ పిండితో రొట్టెలు, ఏదో ఒక కూరగాయ కూర.

రెండో జవాబు ఇచ్చినావిడ

మంచి పని చేశారు. మీ ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

60 గ్రాముల పప్పు నలుగురికి అంటే మీ వాటా 15 గ్రాములు. అందులో ప్రొటీన్ మూడున్నర గ్రాములు. "రోజూ పప్పు తింటున్నాం" అన్నది నిజమే, కానీ మీరు తింటున్నది ఎక్కువగా పప్పు నీళ్లు.

మిగతావి కూడా కూడి చూద్దాం. ఓట్స్‌లో 5, పాలల్లో 3, పది బాదంలో రెండున్నర. మధ్యాహ్నం అన్నంలో 7, పప్పులో మూడున్నర, కూరలో ఓ 2, పెరుగులో మూడున్నర. సాయంత్రం టీ, బిస్కెట్లు కలిపి రెండున్నర. రాత్రి రొట్టెల్లో 7, కూరలో 2. మొత్తం 38 గ్రాములు. గమనించారా, ఇందులో అన్నం, రొట్టెల వాటా 14. మీకు అన్నిటికన్నా ఎక్కువ ప్రొటీన్ ఇస్తున్నవి పప్పూ పెరుగూ కావు, బియ్యం, గోధుమలు.

ఎంత కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. మీ 62 కిలోలకు 51 గ్రాములు దాటుతుంది. ఆ అంకె తేలిగ్గా అరిగే మంచి ప్రొటీన్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. పప్పులు, ధాన్యాల్లోని ప్రొటీన్ పాలు, గుడ్లలో ఉన్నంత పూర్తిగా ఒంటికి పట్టదు. అందుకని మనలాంటివాళ్లు కిలోకు ఒక గ్రాము చొప్పున పెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది. అంటే మీకు 60 చిల్లర. ఇప్పుడు తింటున్నది 38.

ఇక సర్దుబాటు. వంట మొత్తం మార్చక్కర్లేదు. పప్పు మీ ఒక్కరి వాటా 40 గ్రాములు పడేలా పోయండి, చిక్కగా వండండి. అక్కడే 6 గ్రాములు పెరుగుతాయి. రాత్రి కూరలో మనిషికి 40 గ్రాముల శనగలు వేయండి, 8 గ్రాములు. శనగలు ముందు రోజే నానబెట్టుకోవాలి, చాలామంది మానేసేది ఈ ఒక్క పని దగ్గరే. వారానికి సరిపడా ఒకేసారి ఉడికించి ఫ్రీజర్‌లో డబ్బాల్లో పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. పెరుగు 200 గ్రాములు చేయండి, మూడున్నర కలుస్తుంది. బిస్కెట్ల బదులు గుప్పెడు వేయించిన పల్లీలు, 30 గ్రాములు. బిస్కెట్లలో పోయే ఒక గ్రాము తీసేసినా ఆరున్నర మిగులుతుంది. మొత్తం 24. కేలరీలు మరీ ఎక్కువ పెరగకుండా బియ్యం 75 గ్రాములకు తగ్గిస్తే దాదాపు 2 పోతాయి. అయినా 60 దగ్గర నిలబడతారు. గుడ్లు తినే రోజున రెండు గుడ్లతో 12 వస్తాయి, ఆ రోజు శనగలు లేకపోయినా ఫర్వాలేదు.

పల్లీలు, బాదం విషయంలో ఒక్క జాగ్రత్త. వాటిల్లో ప్రొటీన్ ఉంది కానీ కొవ్వు అంతకు రెట్టింపు. 30 గ్రాముల పల్లీలు 170 కేలరీలు. గుప్పెడు మంచిదే, ప్రొటీన్ కోసమని డబ్బా దగ్గర పెట్టుకుని కూర్చోవద్దు.

నీరసం, జుట్టు రాలడం ప్రొటీన్ వల్లే అని మాత్రం తీర్మానించేయకండి. ఐరన్, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. బి12 సహజంగా మొక్కల ఆహారంలో దొరకదు. పాలు, గుడ్లు తక్కువగా తినేవాళ్లలో నెమ్మదిగా తగ్గుతూ పోతుంది, బయటపడేసరికి ఏళ్లు పడుతుంది. ఇది నిర్లక్ష్యం చేయొద్దమ్మా. నాకు కాళ్లు తిమ్మిర్లెక్కే దాకా తెలియలేదు.

ఇంకొకరు

చాలా ఉపయోగంగా ఉందండీ. నాకో సందేహం. పప్పులో ప్రొటీన్ "అసంపూర్ణం" అంటారు కదా, అన్నంతో కలిపి అదే పూట తింటేనే పనికొస్తుందా?

రెండో జవాబు ఇచ్చినావిడ

అదే పూట తినాలన్న నియమం లేదండీ. ప్రొటీన్ అమైనో ఆమ్లాలు అనే చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిల్లో మన శరీరం తయారు చేసుకోలేనివి తొమ్మిది. బియ్యం, గోధుమల్లో లైసిన్ అనేది తక్కువ. పప్పుల్లో అది బాగా ఉంటుంది, కానీ మెథియోనిన్ లాంటి గంధకం ఉన్నవి తక్కువ. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. రోజు మొత్తంలో రెండూ పడితే చాలు. అన్నమూ, రొట్టే మాత్రమే కడుపునిండా తిని పప్పులు, పాలు, గుడ్లు ముట్టకపోతేనే చిక్కు.

జిమ్‌కి వెళ్లే ఒక సభ్యుడు

నా బరువు 78. వారానికి నాలుగు రోజులు బరువులెత్తుతాను. కిలోకు 2.2 గ్రాములు ఉండాల్సిందే అన్నారు. శాకాహారంతో అది నా వల్ల కావట్లేదు. సోయా తినొచ్చంటే మగవాళ్లకు మంచిది కాదంటున్నారు.

మూడో జవాబు

బ్రదర్, 2.2 కోసం టెన్షన్ పడకండి. బరువులెత్తేవాళ్ల మీద జరిగిన ఎన్నో పరీక్షల్ని కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, సగటున కిలోకు 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో అదనపు లాభం కనిపించలేదు. మీకు దాదాపు 125. అది మామూలు పప్పులతో మాత్రమే తేవాలంటే కడుపు పట్టదు, నిజమే. అందుకే సోయా. ఎండు సోయా ముక్కల్లో సగం బరువు ప్రొటీనే. 50 గ్రాములు నానబెట్టి, నీళ్లు పిండేసి, కూరలో వేస్తే 25 గ్రాములు వచ్చేస్తుంది. సోయా తింటే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తగ్గుతుందన్న భయానికి మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఆధారం దొరకలేదు. నేను ఆరేళ్లుగా తింటున్నాను. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం దాంతోపాటే సోయా తినకండి, మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఎంత ఎడం ఉంచాలో డాక్టర్ని అడగండి.

మీలాంటివాళ్లకు పౌడరు వాడినా తప్పులేదు. 125 దగ్గర అది సౌకర్యం.

అడిగినావిడ, పది రోజుల తర్వాత

ఆకలి బాగా తగ్గింది. సాయంత్రం దాకా నిలబడగలుగుతున్నాను. కానీ శనగలు, రాజ్మా మొదలుపెట్టాక కడుపుబ్బరం, గ్యాస్. మా అత్తగారైతే ముట్టనంటున్నారు. ఆవిడకు 70 ఏళ్లు, 50 కిలోలు. పళ్లు సరిగా లేవు, అసలు తినేదే కొంచెం. ఆవిడకేం పెట్టాలి?

రెండో జవాబు ఇచ్చినావిడ

గ్యాస్ సంగతి ముందు. పప్పుధాన్యాల్లో కొన్ని చక్కెరలు మన చిన్నపేగుల్లో అరగవు. పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని తినడం వల్ల వచ్చే గ్యాస్ ఇది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తగా ఉడికించండి. ఒకేసారి 40 గ్రాములకు వెళ్లకుండా 15తో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి. కడుపు అలవాటు పడుతుంది. ఈలోగా పొట్టు తీసిన పప్పులు తేలిగ్గా ఉంటాయి.

రాజ్మా దగ్గర ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. సరిగా ఉడకని రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. నాలుగైదు గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మరిగించాలి. కుక్కర్‌లో మెత్తగా ఉడికితే భయం లేదు. సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచే స్లో కుక్కర్‌లో మాత్రం నేరుగా వేయకండి. ఆ వేడి చాలకపోతే విషం పోకపోగా పెరుగుతుంది కూడా.

ఇక అత్తగారు. వయసు పైబడ్డాక కండ కరిగిపోతూ ఉంటుంది, తిన్న ప్రొటీన్‌ను కండగా మార్చుకునే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే పెద్దవాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు పెట్టమంటారు. ఆవిడకు 50 నుంచి 60. తక్కువ తినేవాళ్లకు ఎక్కువ కావాలి, అదీ కష్టం. అలాంటప్పుడు తిండి పెంచడం కాదు, తినే దాంట్లోనే చిక్కదనం పెంచాలి. పెరుగును గుడ్డలో కట్టి నీళ్లు వడకట్టండి, అంతే పరిమాణంలో రెట్టింపు దాకా ప్రొటీన్ ఉంటుంది. పాలల్లో రెండు చెంచాల వెన్న తీసిన పాలపొడి, అంటే ఓ 15 గ్రాములు, కలిపితే 5 గ్రాములు పెరుగుతాయి, రుచి పెద్దగా మారదు. పనీర్ చిదిమి మెత్తటి అన్నంలో కలపండి. గుడ్డు తింటారంటే అంతకన్నా తేలిక ఇంకోటి లేదు. అంతా రాత్రికే పెట్టకుండా మూడు పూటలా సర్దండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజూ ఓ పదిసార్లు చేయించండి, కండకు పని చెప్పకపోతే తిన్నది నిలవదు.

అన్నిటికన్నా ముందు కిడ్నీ పరీక్ష. ఆ వయసులో కిడ్నీల పనితీరు తగ్గి ఉంటే ప్రొటీన్ పెంచడం హాని చేయొచ్చు. అది డాక్టరే చెప్పాలి, మనం కాదు.

అడిగినావిడ

రక్త పరీక్షలు వచ్చాయండీ. ఐరన్ బాగా తక్కువ ఉంది, బి12 అంచుమీద. మాత్రలు ఇచ్చారు. మీరు చెప్పకపోతే ప్రొటీన్ ఒక్కటే అనుకుని కూర్చునేదాన్ని. అత్తగారి కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు, వడకట్టిన పెరుగు ఇష్టంగా తింటున్నారు. చివరగా ఒకటి. పప్పు చిక్కగా చేస్తే మావాళ్లు ముగ్గురూ గోల చేస్తున్నారు. దీనికేమైనా ఉపాయం ఉందా?

రెండో జవాబు ఇచ్చినావిడ

ఐరన్ తక్కువైతే భోజనం పక్కనే టీ పెట్టుకోకండి, గంట ఎడం ఇవ్వండి. పప్పులో నిమ్మరసం పిండుకోండి, సి విటమిన్ ఉంటే మొక్కల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది.

మావాళ్లు చిక్కటి పప్పుకు ఒప్పుకోవడానికి నెల పట్టింది. 60 నుంచి ఒకేసారి 160 గ్రాములకు వెళ్లకండి. మొదటి వారం 80 పోయండి, ఆ పై వారం 100. నీళ్లు మాత్రం ఇప్పుడు పోసినన్నే పోయండి. ఆలోగా మీ గిన్నెలోకి అడుగు నుంచి గరిటె పెట్టి తీసుకోండి.