అప్‌డేట్: అమ్మ మెడపట్టీ పూర్తయింది

కోరాపుట్‌లో ఉండే అమ్మకు రెండు రంగుల ఉన్ని మెడపట్టీ క్రోషియాతో అల్లుతుంటే, గుండ్రంగా కలిపాక మెలిక పడుతోందని, రంగు మారే చోట పాత రంగు చుక్కలా కనిపిస్తోందని పోయిన వారం అడిగాను కదా.

అక్కయ్యలూ, మీరు చెప్పినట్టే మొదటి వరుసను కలపకుండా బారుగా అల్లి, తర్వాత కలిపాను. మెలిక మళ్లీ పడలేదు. అడుగున మిగిలిన చిన్న చీలికను మొదట వదిలిన దారపు కొసతో కుట్టేశాను.

రంగు దగ్గర తప్పు నాదే. కుట్టు పూర్తిగా ముగించాక కొత్త దారం అందుకునేదాన్ని. ఇప్పుడు చివరి కుట్టులో సూది మీద రెండు ఉచ్చులు ఉండగానే ఎరుపు వదిలి, వాటిలోంచి పసుపు లాగుతున్నాను. ఎంత శుభ్రంగా వచ్చిందో! అచ్చం మా కొండవాలు వలిసెపూల పసుపు.

5 మి.మీ. సూది, 84 గొలుసు కుట్లు, చుట్టుకొలత 60 సెం.మీ.

ఈ ఉదయం మంచులో పాలకు వెళ్తూ అమ్మ దాన్ని చెవుల దాకా లాక్కుంది.