హెచ్‌హెచ్‌ఎన్ 35: ఈసారి ఏ హౌస్‌లు వస్తాయనుకుంటున్నారు?

షార్లెట్_శ్రీను
అందరికీ నమస్తే. ఓర్లాండో యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో రాత్రిపూట జరిగే దయ్యాల వేడుక హాలోవీన్ హారర్ నైట్స్‌కి (హెచ్‌హెచ్‌ఎన్) ఇది 35వ సీజన్. 2021లో 30వది జరిగినప్పుడు మా వాడు మరీ చిన్నపిల్లాడని ఆగిపోయాను. ఆ వెలితి ఇప్పటికీ ఉంది. ఈసారి వెళ్లడం ఖాయం. మీ అంచనాలు చెప్పండి. భయపెట్టే జోకర్ జాక్ వస్తాడా? పది హౌస్‌లలో (లోపల నడుస్తూ చూసే దయ్యాల కొంపలు) ఒరిజినల్స్, అంటే సినిమా కథలు కాకుండా పార్కువాళ్లే అల్లినవి, ఎన్ని ఉండొచ్చు? అక్టోబరు 10 వీకెండ్‌కి కొలంబస్ డే సోమవారం కలిసొస్తోంది, అప్పుడు రావచ్చా? బాబుకి తొమ్మిదేళ్లు. తెనాలి నుంచి అమ్మానాన్న కూడా వస్తున్నారు, ఆ రాత్రి వాళ్లకి ఎలా ఏర్పాటు చేస్తే బాగుంటుంది?

టాంపా_టైగర్
జాక్ లేకుండా 35 ఏంటి శ్రీనూ! 2000లో పదోదానికి మొదటిసారి వచ్చాడు. 2007 అంతా వాడి కార్నివాలే. 2015లో 25వదానికి మళ్లీ వాడే, ది కార్నేజ్ రిటర్న్స్ అని స్టేజ్ షో కూడా పెట్టారు. 2021లో ఐకాన్స్ క్యాప్చర్డ్ హౌస్‌లో జాక్‌తో పాటు పాత సీజన్ల ప్రధాన పాత్రలు (ఐకాన్స్) కేర్‌టేకర్, డైరెక్టర్, అషర్ అందరూ ఉన్నారు. 25, 30 లాంటి పెద్ద అంకె వచ్చినప్పుడల్లా పాతవాళ్లను పిలుస్తారు. 2015లో స్పీకర్లలో ఆ నవ్వు వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమెరికా వచ్చిన కొత్తలో, ఎవరూ తెలియని రోజుల్లో నాకు దొరికిన మొదటి పండుగ ఇది. నా అంచనా రాసి పెట్టుకోండి: జాక్‌కి ఒక హౌస్, ఒక షో.

బూహోల్_బుజ్జి
జాక్ సంగతి సరే. నా దిగులంతా ఒరిజినల్స్ గురించి. 2024లో పదింటిలో ఆరు ఒరిజినల్స్ ఉంటే 2025లో ఐదుకి తగ్గాయి. ఈసారి నాలుగంటే నేను తట్టుకోలేను. 2025లో గ్రేవ్ ఆఫ్ ఫ్లెష్ గుర్తుందా? మన చావుకి మనమే వెళ్తాం. శవపేటిక దాటి, సమాధి కిందికి దిగి, అక్కడ మాంసం తినేవాటి మధ్యలోంచి నడవాలి. ఏ సినిమా పేరూ అక్కర్లేదు దానికి. 2022లో డెడ్ మ్యాన్స్ పియర్ కూడా అంతే. చలి, చేపల వాసన, సముద్రంలో పోయినవాళ్లు తిరిగి రావడం. మాది కాకినాడ, రేవు దగ్గర పెరిగినదాన్ని. లోపలికి అడుగు పెట్టగానే గుండె ఆగినంత పనైంది. ఆ కథకి రెండో భాగం కావాలి నాకు.

పర్మిట్_పరిశోధన
కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, జాగ్రత్తగా చదవండి. పదకొండేళ్లుగా పార్కు నిర్మాణ పనుల పర్మిట్లు ఒక్కటి వదలకుండా చూస్తున్నాను. హౌస్‌లు కట్టేది సౌండ్‌స్టేజ్‌లలో (షూటింగ్ కోసం కట్టిన పెద్ద షెడ్లు), మెన్ ఇన్ బ్లాక్ రైడ్ వెనక వేసే పెద్ద టెంట్లలో, పరేడ్ బిల్డింగ్‌లో. ఎత్తైన సెట్ కావాలంటే సౌండ్‌స్టేజ్ అనువు. ఎక్కడ పని ముందు మొదలైందో చూస్తే ఏది పెద్ద హౌస్ అవుతుందో తెలిసిపోతుంది. ఐకాన్స్ హౌస్ ఈసారి సౌండ్‌స్టేజ్‌లోనే. ఇందులో అనుమానమే లేదు.

సౌండ్‌స్టేజ్_సురేష్
అన్నా, పర్మిట్‌లో చిరునామా, కాంట్రాక్టర్, పని వివరం ఉంటాయి. జాక్ బొమ్మ ఉండదు కదా. అందులోంచి ఐకాన్స్ హౌస్ ఎలా బయటికొచ్చింది?

పర్మిట్_పరిశోధన
తమ్ముడూ, పదకొండేళ్లు చూస్తే నీకూ అర్థమవుతుంది. అనుభవాన్ని గౌరవించడం నేర్చుకో.

సౌండ్‌స్టేజ్_సురేష్
గౌరవం లేక కాదు. పునాది లేని మాట చెప్పి "అనుమానమే లేదు" అంటే, అది నమ్మి జనం ఫ్లైట్ టికెట్లు కొంటారు. పోయినసారి మా రూమ్మేట్ అలాగే ఒక పుకారు నమ్మి సెలవు పెట్టుకున్నాడు, ఆ హౌస్ రానే లేదు. అంచనా అయితే అంచనా అనండి, చాలు.

డల్లాస్_అక్క
శ్రీను గారూ, అక్టోబరు 10 శనివారం మహాలయ అమావాస్య. పెద్దలకు తర్పణాలు వదిలే రోజు, మీ నాన్నగారు ఉండగా ఆ సాయంత్రం దయ్యాల హౌస్‌లకి తీసుకెళ్తారా? మా తెలంగాణ వాళ్లకి ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేది కూడా ఆ రోజే. నేనైతే ఆ రోజు ఇల్లు వదిలి రాను. సెప్టెంబరులో బుధవారమో గురువారమో పెట్టుకోండి.

టాంపా_టైగర్
అక్కా, అమావాస్య సంగతి ఎలా ఉన్నా, అక్టోబరు శనివారం, పైగా లాంగ్ వీకెండ్! ఎక్స్‌ప్రెస్ పాస్ (క్యూ తగ్గించే అదనపు టికెట్) లేకపోతే ఆ రాత్రి నాలుగైదు హౌస్‌లు చూస్తే గొప్ప. నేను చెప్పే పద్ధతి స్టే అండ్ స్క్రీమ్. పగటి టికెట్ కూడా ఉంటే పార్కు ఐదింటికి మూసినా లోపలే ఉండొచ్చు. ఆరున్నరకి బయట గేట్లు తీసేలోపే రెండు మూడు హౌస్‌లు అయిపోతాయి.

గోదారి_గాలి
నాదొక ఆలోచన. 2024లో మాన్‌స్ట్రుయోస్ అని లాటిన్ అమెరికా జానపద దయ్యాలతో హౌస్ చేశారు. అందులో ఎల్ సిల్బోన్ అనే ఈల వేసే దయ్యం ఉంది. ఈల దగ్గరగా వినిపిస్తే వాడు దూరంగా ఉన్నట్టు, దూరంగా వినిపిస్తే వెనకే ఉన్నట్టు. ఇది వినగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకి పలకొద్దు, మూడోసారి పిలిస్తేనే పలకమనేది. 2025లో గాల్కన్ హౌస్‌తో ఉత్తరాన ఉన్న మంచు దేశాలకి వెళ్లారు, ఎల్ ఆర్టిస్టా హౌస్‌తో స్పెయిన్‌కి వెళ్లారు. మరి మన వంతు ఎప్పుడు? కొరివి దయ్యం, బ్రహ్మరాక్షసి, తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన వీధి, చివర్లో బాణామతి చేసే ముసలమ్మ గుడిసె. 35కి ఇలాంటిది పెడితే ఎంత బాగుంటుంది!

బూహోల్_బుజ్జి
గాలి గారూ, చప్పట్లు! వీధి మొత్తం చీకటి, ప్రతి తలుపు మీదా సున్నంతో అదే రాత, ఒక్క తలుపు మీద మాత్రం ఏమీ రాసి ఉండదు. మనం ఆ తలుపులోంచే వెళ్లాలి. నాకు ఇప్పుడే చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

మెదక్_మల్లేశ్
బాణామతి మాత్రం వద్దు. గట్టిగా చెబుతున్నా, వద్దు.

గోదారి_గాలి
ఎందుకండీ? కథే కదా.

మెదక్_మల్లేశ్
మీకు కథ. మా పక్క ఊరిలో ఒక ఒంటరి ముసలామె మీద బాణామతి చేస్తుందని పుకారు పుట్టించి, చెట్టుకి కట్టేసి, రాళ్లతో పళ్లు రాలగొట్టారు. నాకప్పుడు పన్నెండేళ్లు. మా అమ్మ ఆమెకి రోజూ గంజి పంపేది, నేనే తీసుకుపోయేవాణ్ని. ఆమె ఎవరికీ ఏమీ చేయలేదు. ఇద్దరు పిల్లలకి జ్వరం వచ్చింది, అంతే. అలాంటి గుడిసెని హౌస్ చివర్లో పెడితే, నేను అందులోంచి నవ్వుకుంటూ బయటికి రావాలా?

గోదారి_గాలి
అయ్యో, అది దారుణం. మా వైపు మన్యంలో చిల్లంగి (చేతబడి) పేరుతో కూడా ఇలాగే ప్రాణాలు తీశారు, నాకు తెలియనిది కాదు. కానీ అమెరికావాళ్లు 1692లో సేలంలో మంత్రగత్తెలని 19 మందిని ఉరి తీశారు. అయినా మంత్రగత్తెల హౌస్‌లు వస్తూనే ఉన్నాయి. 2022లో స్పిరిట్స్ ఆఫ్ ద కోవెన్‌కి మనమందరం వెళ్లాం, మీరు కూడా వెళ్లే ఉంటారు.

మెదక్_మల్లేశ్
వెళ్లాను. 1692కీ ఇవాళ్టికీ తేడా తెలియదా మీకు? సేలంలో ఇప్పుడు ఎవరినీ ఉరి తీయడం లేదు. మన దగ్గర ఇప్పటికీ పేపర్లో వస్తోంది. మహారాష్ట్ర 2013లో దీని మీద ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. అక్కడ ముసలామె వేషం వేసిన అమ్మాయిని చూసి జనం అరుస్తారు, వీడియోలు ఊరికి చేరతాయి. మా ఊరి కుర్రాళ్లు ఏమనుకుంటారు? అమెరికాలో కూడా ఒప్పుకున్నారు, బాణామతి ఉంది అనుకుంటారు.

పర్మిట్_పరిశోధన
హౌస్‌ల లోపల వీడియో తీయనివ్వరు. ముందు రూల్స్ తెలుసుకుని మాట్లాడండి.

మెదక్_మల్లేశ్
నేను చెప్పినదాంట్లో మీకు వినిపించింది అదొక్కటేనా?

డల్లాస్_అక్క
మల్లేశ్ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బాణామతి పక్కన పెట్టండి. అలాగే శాకిని, ఢాకిని పేర్లు కూడా వద్దు, వాటిని అమ్మవారి పరివారంగా కొలిచేవాళ్లున్నారు. కొరివి దయ్యం పెట్టుకోండి, ఎవరికీ బాధ ఉండదు.

సౌండ్‌స్టేజ్_సురేష్
కొరివి దయ్యం సెట్ మీద బాగా పండుతుంది కూడా. చీకటి పొలం, దూరంగా మంట ఒకటి కదులుతూ ఉంటుంది. అందరూ దానివైపే చూస్తుంటారు. అదే సమయానికి పక్కన నల్ల తెర వెనక బూహోల్‌లోంచి (యాక్టర్ దాక్కునే సందు) యాక్టర్ వస్తాడు. ఒక పక్కకి చూపించి ఇంకో పక్క నుంచి భయపెట్టడం వీళ్ల అసలు విద్య. కాలేజీ రోజుల్లో నేను ఒక సీజన్ వేరే పార్కులో స్కేర్‌యాక్టర్‌గా, అంటే జనాన్ని భయపెట్టే వేషగాడిగా చేశాను. మనిషిని తాకకుండా, కేవలం సమయం చూసుకుని భయపెట్టాలి. ఒక్క సెకను ముందొస్తే ముందున్నవాళ్లు అరుస్తారు, వెనకవాళ్లకి అంతా తెలిసిపోతుంది. గొంతు పోతుంది, మోకాళ్లు పోతాయి. అందుకే పెద్ద ఈవెంట్లలో ఒక్కో పాత్రకి ఇద్దరిని పెట్టి మార్చుతుంటారు. దయచేసి లోపల యాక్టర్ల మీద చెయ్యి చేసుకోకండి. నా చెంప మీద ఒకడు కొట్టాడు, భయపడి చేశానన్నాడు, క్షమాపణ కూడా చెప్పలేదు.

టాంపా_టైగర్
మా పాలమూరులో కొరివి దయ్యానికి కాళ్లు వెనక్కి ఉంటాయంటారు. సెట్‌లో అది చూపిస్తేనే నిండుగా ఉంటుంది.

గోదారి_గాలి
కాళ్లు వెనక్కి ఉండేది మామూలు ఆడ దయ్యానికి. కొరివి దయ్యానికి నోట్లో మంటే గుర్తు. మా కోనసీమలో అడగండి ఎవరినైనా.

టాంపా_టైగర్
కోనసీమలో అడిగితే కోనసీమ మాటే చెబుతారు. మా తాత పొలం కాపలాకి వెళ్లి కళ్లారా చూశానని చెప్పాడు, ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

గోదారి_గాలి
మా నాయనమ్మ కూడా కాదు.

న్యూజెర్సీ_నాగమణి
మీ గొడవలో పిల్లాడి ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. శ్రీను గారూ, 13 ఏళ్లలోపు పిల్లలకి తగదని పార్కువాళ్లే చెబుతారు. పిల్లల టికెట్ అని వేరే ఉండదు, పూర్తి ధరే. మా పాప ధైర్యవంతురాలని పదేళ్లప్పుడు తీసుకెళ్లాం. మూడో హౌస్ దగ్గర ఏడవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చాక నెల రోజులు బాత్రూమ్‌కి కూడా ఒంటరిగా వెళ్లలేదు. స్కూల్ కౌన్సెలర్ మమ్మల్ని పిలిపించారు. ఆ రోజు నేను పడ్డ నరకం ఏ తల్లికీ వద్దు.

బూహోల్_బుజ్జి
అందరు పిల్లలూ ఒకటి కాదండీ. మా అక్క కొడుకు పదేళ్లవాడు, ట్రిప్లెట్స్ ఆఫ్ టెర్రర్ రెండుసార్లు చూశాడు.

న్యూజెర్సీ_నాగమణి
పుట్టినరోజు నాడు కుటుంబాన్ని నరికే ముగ్గురు అన్నదమ్ముల హౌస్‌ని పదేళ్లవాడికి రెండుసార్లు చూపించారా? క్షమించండి, దాన్ని నేను మెచ్చుకోలేను.

బూహోల్_బుజ్జి
మీరు మెచ్చుకోవాలని చూపించలేదు. వాడికి అది పిండి, రబ్బరు, లైటు అని వాళ్ల అమ్మ ముందే యూట్యూబ్‌లో చూపించి, కూర్చోబెట్టి చెప్పింది. మీరు చెప్పకుండా తీసుకెళ్లి ఉంటారు.

డల్లాస్_అక్క
బుజ్జీ, ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

బూహోల్_బుజ్జి
నిజమే అక్కా. నాగమణి గారూ, సారీ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

షార్లెట్_శ్రీను
బాబుని తీసుకురావడం లేదు, నిర్ణయించుకున్నాం. అక్టోబరు 10 కూడా మానేశాను, నాన్న తర్పణం పెడతారు ఆ రోజు. సెప్టెంబరులో మధ్య వారం చూస్తాను. అమ్మానాన్న బాబుతో హోటల్‌లో ఉంటారు. కానీ నాన్న నాకూ చూడాలని ఉందంటున్నారు! డెబ్భై దాటింది, బీపీ మాత్రలు వేసుకుంటారు.

న్యూజెర్సీ_నాగమణి
ముందు ఆయన డాక్టర్‌ని అడగండి. స్ట్రోబ్ లైట్లు, పొగ, ఇరుకు దారి, ఎక్కువసేపు నిలబడటం, ఇవన్నీ ఉంటాయని చెప్పి అడగండి. మా మామగారు హౌస్‌లకి రాలేదు. బయట బెంచీ మీద కూర్చుని చెరువు మీద లగూన్ షో చూసి, చైన్‌సాలతో తిరిగేవాళ్లకి నమస్కారం పెట్టారు. వాళ్లలో ఒకతను ఆగి తిరిగి నమస్కారం పెట్టాడు. ఆయన ఇప్పటికీ అదే చెబుతారు.

మెదక్_మల్లేశ్
శ్రీనన్నా, నాన్నగారిని తప్పకుండా తీసుకురండి. గాలి గారూ, మీ మీద కోపం లేదు. తలుపుల వీధి ఆలోచన నాకూ నచ్చింది, చివర గుడిసె మాత్రం తీసేయండి.

గోదారి_గాలి
తీసేశాను మల్లేశ్ గారూ. గుడిసె బదులు ఊరి చివర రావిచెట్టు, కింద బ్రహ్మరాక్షసి. అది అడిగే ప్రశ్నకి తప్పు సమాధానం చెప్పినవాళ్లు దారి తప్పుతారు. డ్యూయలింగ్ డ్రాగన్స్ హౌస్‌లో 2023లో రెండు దారులు పెట్టారు కదా, అలా.

పర్మిట్_పరిశోధన
రెండు దారులంటే స్థలం ఎక్కువ కావాలి. సౌండ్‌స్టేజ్ అయితే మేలు. కొత్త పర్మిట్ కనిపించగానే ఇక్కడ పెడతాను. అంచనా అని రాసే పెడతాను, సురేష్.

సౌండ్‌స్టేజ్_సురేష్
థాంక్స్ అన్నా. టాంపా నుంచి మేం ముగ్గురం సెప్టెంబరు మధ్యలో గురువారం కారులో వెళ్తున్నాం, ఇద్దరికి చోటుంది. రెయిన్‌కోట్ తెచ్చుకోండి, ఆ నెలలో సాయంత్రం వాన తప్పదు. మాస్కులు, వేషాలు లోపలికి రానివ్వరు, అవి ఇంట్లోనే వదిలేయండి. డెడ్ మ్యాన్స్ పియర్ రెండో భాగం వస్తే బుజ్జి ముందు నడవాలి.

బూహోల్_బుజ్జి
ఆ ఇద్దరిలో ఒక సీటు నాది.