బ్యారేజీ దిగువన నదీగర్భం మార్పు: మొదటి క్రాస్ సెక్షన్ ఎందుకు కదలడం లేదు?

కృష్ణాతీరం (ప్రశ్న):
నమస్కారం. విజయవాడలో ఎం.టెక్. ప్రాజెక్టు కోసం ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక కదలికపై హెక్-రాస్‌ (నదీ ప్రవాహాన్ని, ఇసుక కదలికను లెక్కించే సాఫ్ట్‌వేర్)లో వన్-డీ మోడల్ (నది పొడవునా మాత్రమే లెక్క) చేస్తున్నాను. ఎగువ సరిహద్దుకు ఈక్విలిబ్రియం లోడ్, ట్రాన్స్‌పోర్ట్ ఫంక్షన్‌గా (ప్రవాహం ఎంత ఇసుకను మోస్తుందో లెక్కించే సూత్రంగా) మేయర్-పీటర్-ముల్లర్ ఎంచుకున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కుల వరదను నడిపించినా మొదటి క్రాస్ సెక్షన్ (నదికి అడ్డంగా కొలిచిన గర్భం ఆకారం) అంగుళమైనా దిగలేదు. అప్రాన్ (బ్యారేజీ దిగువన గర్భంపై పరిచిన కాంక్రీటు) దాటిన చోట కోత పడిందని నీరు తగ్గినప్పుడు కంటికే తెలుస్తోంది. లోపం ఎక్కడుంది?

సీతానగరం రేవు:
లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదండీ, మీరిచ్చిన సరిహద్దులోనే ఉంది. ఈక్విలిబ్రియం లోడ్ అంటే ఆ సెక్షన్ వద్ద ప్రవాహం ఎంత ఇసుకను మోయగలదో అంత ఇసుకా పైనుంచి వస్తోందని మోడల్‌కు చెప్పినట్టే. వచ్చింది, పోయింది సమానమైతే అక్కడ గర్భం పెరగదు, తరగదు. ఎక్స్‌నర్ సమీకరణం (వచ్చే, పోయే ఇసుక తేడాను బట్టి గర్భం మట్టం మార్పును లెక్కించేది) చెప్పేదీ అదే. కానీ మీ సెక్షన్‌కు పైన ఉన్నది బ్యారేజీ, దాని పైన పులిచింతల, ఆపైన సాగర్, శ్రీశైలం. ముతక ఇసుక ఎక్కడికక్కడ మేట వేసుకున్నాక కిందికి వచ్చే నీరు ఆకలి మీద ఉంటుంది, అంటే మోయగలిగినంత ఇసుక లేక గర్భాన్నే కోస్తుంది. కాబట్టి ప్రవాహాన్ని బట్టి లోడ్ మారే రేటింగ్ కర్వ్ ఇచ్చి, అందులో ముతక ఇసుక వాటా బాగా తగ్గించండి. కాంక్రీటు అప్రాన్ ఉన్న సెక్షన్లలో మాత్రం మ్యాక్స్ డెప్త్ (కోత పడగల గరిష్ఠ లోతు) సున్నా పెట్టడం మరవకండి, లేకపోతే మోడల్ దాన్ని కూడా తవ్వుకుంటూ పోతుంది.

లంకపొలం:
పై సలహాతో ఏకీభవిస్తాను గానీ, లోడ్‌ను పూర్తిగా సున్నా చేయవద్దు. పెద్ద వరదలో 70 గేట్లూ ఎత్తినప్పుడు సన్న ఇసుక, ఒండ్రు నీటితోపాటే దాటిపోతాయి. మున్నేరు కలిసేది కూడా పులిచింతలకు దిగువనే కదా. మేయర్-పీటర్-ముల్లర్ సూత్రం ప్రధానంగా గులకరాళ్లతో ఫ్లూమ్‌లో (ప్రయోగశాల నీటి కాలువలో) చేసిన ప్రయోగాల నుంచి 1948లో వచ్చింది, నీటిలో తేలుతూ పోయే ఇసుకను అది లెక్కించదు. ఇసుక నదికి ఎంగెలుండ్-హాన్సెన్ సూత్రం గానీ యాంగ్ సూత్రం గానీ వేసి, ఫలితాలను పోల్చి చూడండి. వరద రోజుల్లో కంప్యుటేషన్ ఇంక్రిమెంట్‌ను (ఒక్కో లెక్కకు తీసుకునే కాల వ్యవధిని) 24 గంటలుగా ఉంచితే గర్భం ఎగుడుదిగుడుగా ఊగిపోతుంది. గంటకో, అంతకన్నా తక్కువకో దించాలి.

కృష్ణాతీరం:
ధన్యవాదాలు. రేటింగ్ కర్వ్‌తో మొదటి సెక్షన్లలో కోత కనిపిస్తోంది. అయితే వరదకు ముందు, తర్వాత చేసిన రెండు సర్వేల తేడా కొన్ని చోట్ల మోడల్ చూపే కోత కంటే చాలా ఎక్కువగా ఉంది.

సీతానగరం రేవు:
ఆ సెక్షన్లు ఇసుక రేవుల దగ్గరివేమో ముందు చూడండి. లారీలు ఎత్తుకుపోయిన ఇసుక ఏ ట్రాన్స్‌పోర్ట్ ఫంక్షన్‌కూ అందదు. హెక్-రాస్‌లో డ్రెడ్జింగ్ ఈవెంట్లు (ఇసుక తవ్వకాల వివరాలు) ఇచ్చే వీలుంది. తవ్విన మట్టం, తేదీ తెలిస్తే అక్కడ నమోదు చేయండి, తెలియకపోతే ఆ సెక్షన్లను కాలిబ్రేషన్ (మోడల్‌ను కొలతలకు సరిపెట్టే పని) నుంచి తప్పించండి. వాటికి సరిపెట్టడానికి గుణకాలను పెంచితే మిగతా నదంతా తప్పుతుంది.