అయిదు నెలలు పరాయి పొలాల్లో పనిచేసి ఇంటికొచ్చా, మా కయ్యల్లో మాత్రం అడుగు పెట్టనివ్వట్లేదు

కొత్త_కొడవలి:
అందరికీ నమస్తే. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. చెన్నైలో మూడేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసి ఏప్రిల్లో మానేశా. సేంద్రియ పొలాలకీ వాలంటీర్లకీ జత కుదిర్చే వూఫ్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకుని హిమాచల్‌లో, ఉత్తరాఖండ్‌లో మూడు సేంద్రియ పొలాల్లో వాలంటీరుగా ఉన్నా. రోజుకి అయిదారు గంటల పని, తిండీ పడకా వాళ్ళదే, జీతం ఉండదు. రాజ్మాలో కలుపు తీశా, ఆపిల్స్ కోశా, పేడ తట్టలు మోశా. చేతులు కాయలు కాచాయి గానీ అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలా.

దసరాకి ఇంటికొచ్చా. నాయనకి కాలవ కింద నాలుగెకరాల వరి. ఒక ఎకరం నాకివ్వు, ఎరువులూ మందులూ లేకుండా చేస్తానని అడిగితే, "జీతం లేకుండా ఎవరిదో పేడ మోసొచ్చి నాకు సేద్యం నేర్పిస్తావా" అన్నాడు. అమ్మేమో ఎవరన్నా అడిగితే పాపకి వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్తోంది. పొద్దున అయిదింటికే మెలకువ వస్తుంది, చెయ్యడానికి పనుండదు, మిద్దెక్కి ఊళ్ళో తిరిగే ట్రాక్టర్లను చూస్తూ కూర్చుంటున్నా. ఇట్టా వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి, ఇంట్లో ఎట్టా ఒప్పించారు? లేక మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవడమేనా?

గట్టుమీద_కాకి:
జీతం ఇవ్వకుండా పని చేయించుకుని, పైగా సభ్యత్వానికి డబ్బులు కూడానా! ఇక్కడ నాట్లకి మనుషులు దొరక్క చస్తున్నాం, ఆ వూఫ్ ఏందో మా ఊళ్ళో కూడా పెట్టించండి సామీ.

మెట్ట_కంది:
కాకన్నా, అది 1971లో ఇంగ్లండులో మొదలైంది. లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కాపర్డ్ అనే ఆమె, శని ఆదివారాలు పల్లెకి పోయి పనిచేద్దామని నలుగురిని కూడగట్టింది. కూలి లెక్కన చూస్తే దండగే, నేర్చుకోను పోయావనుకుంటే గిట్టుబాటే.

చెల్లెమ్మా, మాది కనిగిరి పక్క. నేనూ ఒక సీజను ఇట్టాగే తిరిగొచ్చి, వచ్చిన రోజే అన్నం ముందు కూర్చుని మనం తినేది విషం అన్నా. మా నాయన రెండు నెలలు నాతో మాట్లాళ్ళా. ముప్పై ఏళ్ళు ఆ చేలోనే చాకిరీ చేసి పిల్లల్ని చదివించిన మనిషికి ఆ మాట ఎట్టా ఉంటుందో అప్పుడు తట్టలా. తర్వాత నోరు మూసుకుని ఒక పంటకాలం ఆయన చెప్పిందల్లా చేశా, కందికి మందు కొట్టే రోజు నీళ్ళు కూడా మోశా. మరుసటేడు కంచె పక్క చేను ముక్క ఆయనే నాకు వదిలిపెట్టాడు. నువ్వు అక్కడ ఆసామి చెప్పింది ఎదురు చెప్పకుండా చేసుంటావు కదా? ఆ వాలంటీరు పనేదో మీ ఇంట్లో కూడా ఒక సీజను చెయ్యి.

పెన్నకాలవ_రైతు:
అమ్మాయ్, నేను మీ నాయన వయసువాణ్ణే, కోప్పడబాక. అక్కడ రాజ్మా పోయినా సాయంత్రం నీకు అన్నం పెట్టారు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు, ఎకరానికి ఒక పుట్టి తగ్గితే ఆ ఏడు అప్పుకి వడ్డీ ఎవరు కట్టేది? మొదట్లో దిగుబడి తగ్గొచ్చు, ఆ మాట దాచిపెట్టి అడగబాక.

ఇంకోటి, మన కాలవ నీళ్ళు కయ్యలోంచి కయ్యలోకి పారతాయి, పైవాడు చల్లిన యూరియా నీ మళ్ళోకే దిగుతుంది. అందుకని ఎకరం వద్దు, బోరు కింద ఒక ముప్పై సెంట్లు అడుగు. వరిలో బీపీటీ 5204 రకం, అదే సాంబ మసూరి, దాని జోలికి పోబాక, దానికి అగ్గి తెగులు బెడద ఎక్కువ, అయిదు నెలలు కాపలా కాయాలి. నెల్లూరు మసూరి, అదే ఎన్‌ఎల్‌ఆర్ 34449, ఆ తెగులుని తట్టుకుంటుంది, నాలుగు నెలలు దాటాక కోతకొస్తుంది. ఎరువు బదులు పోసే జీవామృతం ఎకరానికి 200 లీటర్లు అంటారు కాబట్టి నీకు 60 చాలు: అన్ని నీళ్ళల్లో మూడు కిలోల ఆవు పేడ, మూడు లీటర్ల పంచితం, 600 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, మందు పడని గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో రెండు రోజులు పొద్దునా సాయంత్రం కలియబెట్టి, వారం లోపల వాడెయ్. పేడ ఎవరింట్లో దొరుకుతుందో ముందు చూసుకో. ఒంగోలు గిత్తలకి పేరుపడ్డ సీమ మనది, ఇప్పుడు ట్రాక్టరున్నంత సులువుగా ఆవున్న ఇల్లు దొరకట్లేదు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నడిపిస్తోంది, మీ పక్క ఊళ్ళల్లో దాని ఐసీఆర్పీ, అంటే ఈ సేద్యం చేస్తా తోటి రైతులకి నేర్పే మనిషి, ఎవరన్నా ఉన్నారేమో రైతు సేవా కేంద్రంలో అడుగు.

కొత్త_కొడవలి:
మెట్ట కంది అన్నా, నేనూ వచ్చిన మూడో రోజే ఆ విషం మాట అనేశా, ఇప్పుడు చదువుతుంటే సిగ్గేసింది. నిన్న చెప్పకుండానే నాయన వెంబడి నారుమడి దగ్గరికి పోయి గట్లు చెక్కా. చాలాసేపు పలకలా. తర్వాత "పార అట్టా పట్టుకోరు" అని చూపించాడు. సెంట్ల సంగతి ఇంకా అడగలేదు. చిన్నాయనా, బోరు పక్కన ఒక కయ్య ఉంది, దానికి నారు విడిగా పోసుకోవాలా, నాయన పోసిందాంట్లోంచి పీక్కోవచ్చా?

పెన్నకాలవ_రైతు:
విడిగానే పోసుకో. ఆయన పోసేది బీపీటీ అయితే ఎట్టాగూ పనికిరాదు, పైగా నారుమడికి పురుగుమందు గుళికలు వేస్తాడు. ముప్పై సెంట్లకి ఏడెనిమిది కిలోల విత్తనం, సెంటున్నర నారుమడి సరిపోతుంది. ఆ సెంటున్నర ఏ మూల అయితే బాగుంటుందో మీ నాయన్నే చూపించమను.