మాజ్డా ఆర్‌ఎక్స్-7 స్పోర్ట్స్ కారులో ఏది మేలు: రెండో తరం ఎఫ్‌సీయా, మూడో తరం ఎఫ్‌డీయా?

డాలస్ రవి: ఆరేళ్లుగా నా దగ్గర 1989 ఎఫ్‌సీ టర్బో ఉంది. మొన్న ఇక్కడే ఒకరు "ఎఫ్‌డీ ముందు ఎఫ్‌సీ ఒక కారా" అన్నారు, అందుకే ఈ ప్రశ్న. మాజ్డా రెండింట్లోనూ పెట్టింది 13బీ రోటరీ ఇంజినే, అంటే పిస్టన్ల బదులు రెండు రోటర్లు తిరిగేది. ఒక్కో రోటర్‌కి 654 సీసీ, మొత్తం 1308. ఎఫ్‌సీకి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒకటే, ఏ బోల్టుకైనా చెయ్యి అందుతుంది. ఎఫ్‌డీ బానెట్ ఎత్తితే వాక్యూమ్ ట్యూబులు పాముల పుట్టలా ఉంటాయి. సొంతంగా పని చేసుకునేవాడికి ఎఫ్‌సీయే.

సాగర్: ట్యూబులు చూసి కారు కొంటామా అన్నా? 1991లో వచ్చిన ఎఫ్‌డీలో రెండు టర్బోలు: మొదటిది తక్కువ ఆర్‌పీఎం నుంచే లాగుతుంది, 4500 ఆర్‌పీఎం దగ్గర రెండోది వచ్చి కలుస్తుంది. అమెరికా మోడల్‌కి 255 హార్స్‌పవర్. మీ దానికి 200.

డాలస్ రవి: ఆ రెండోది కలవాలంటే ఆ ట్యూబులన్నీ సరిగ్గా ఉండాలి. నేను చెప్పేదీ అదే.

కర్నూలు కుర్రాడు: ఇండియాలో మాజ్డా ఈ రెండూ అమ్మలేదు, ఫొటోల్లోనే చూశాను. ఎఫ్‌డీకే నా ఓటు.

వాణి: ఏది కొన్నా ముందు కంప్రెషన్ టెస్ట్, అంటే ఇంజిన్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూసే పరీక్ష, చేయించండి. రోటర్‌కి మూడు ముఖాలు, మూడు రీడింగులూ దగ్గరదగ్గరగా రావాలి. మామూలు గేజ్ మూడింట్లో పెద్దదే చూపిస్తుంది, రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది.

సాగర్: రవి అన్నా, మళ్లీ ట్యూబుల దగ్గరికే వచ్చారు. అసలు ఒక్కసారైనా ఎఫ్‌డీ నడిపారా? నడపకుండా ఇంత మాట్లాడటం అన్యాయం.

డాలస్ రవి: నడపడమేంటి తమ్ముడూ, రెండేళ్లు నా దగ్గర ఉంది! ఒక షాపువాళ్లు ట్యూబులన్నీ కొత్తవి వేసి ఒకటి తప్పు చోట తగిలించారు. రెండో టర్బో మూగబోయింది. వాళ్లేమో టర్బోలే పోయాయి, మార్చాలన్నారు. రాత్రిళ్లు టార్చ్ పట్టుకుని ఒక్కో ట్యూబూ వేళ్లతో తడుముతూ పోతే చివరికి నాకే దొరికింది. అప్పటికే బిల్లులకి డబ్బంతా అయిపోయింది, కారు అమ్మేశాను. ఆ తర్వాతే ఎఫ్‌సీ కొన్నాను. అది ఎఫ్‌డీ కొనలేనివాడి కారని ఎవరైనా అంటే నాకు గుండెలో గుచ్చుకుంటుంది.

సాగర్: ఆ మాట అన్నది నేను కాదన్నా. కానీ తప్పు షాపుది, కారుది కాదు కదా. నేను నాలుగేళ్లుగా నెలనెలా డబ్బు దాస్తున్నాను, వచ్చే వారం హ్యూస్టన్‌లో ఒక 1993 ఎఫ్‌డీ చూడబోతున్నాను. మీరు ఇలా రాస్తుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు.

డాలస్ రవి: ఈ మాట ముందే చెప్పొచ్చుగా. టెస్టర్ నా దగ్గరుంది, శనివారమైతే నేనే వస్తాను. ఇంజిన్ వేడెక్కాకే కొలవాలి, అందుకని మనం వెళ్లేసరికి కాసేపు నడిపి ఉంచమని ఓనర్‌కి చెప్పు. ఎఫ్‌సీయే మేలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.